పేరు కొట్టించిన కంప్యూటర్

ప్రార్థన అనుకున్నది సులువైన పనే. ఎనిమిది గంటల బస్సుకు ఆదోని నుంచి ఎమ్మిగనూరు వెళ్ళాలి. మగ్గాల మాదన్న కొత్తింట్లో టీవీకి కొత్త కంప్యూటర్ తగిలించి, తాను గీసిన చీర అంచు బెంగళూరు వ్యాపారికి చూపించాలి. నచ్చితే ఆర్నెల్లు చేతినిండా పని. రెండు నెలల కష్టమంతా ఆ కంప్యూటర్‌లోనే ఉంది.

అట్టపెట్టె తెరిస్తే ఖాళీ.

"అమ్మా, ఇందులో ఉండేది యాడ?"

"ఆ స్టీలు డబ్బానా? మాదన్నోళ్ళ గృహప్రవేశానికి తెచ్చినావనుకుంటి," అంది ఇందిరాబాయి. "నిన్న గిన్నెలంగట్లో పేరు కొట్టిచ్చి, పొద్దున్నే పక్కింటి మంజునాథ్‌తో పంపిచ్చేసినా."

"అది కంప్యూటరమ్మా."

"కంప్యూటరంటే బండ మాదిరి ఉంటుంది కదే. పాతదానికి నేనే గుడ్డ కుట్టి కప్పితిని. ఇది అరచెయ్యంత ఉంటే నాకేం తెలుస్తుంది?"

ప్రార్థనకు ఒళ్ళు మండిపోయింది. సగం మంట అమ్మ మీద, సగం ఆ కంప్యూటర్‌కు రూపం గీసిన మహానుభావుడి మీద. మీట కనపడకూడదట, రంధ్రాలు కనపడకూడదట, అసలు కంప్యూటర్‌లాగే కనపడకూడదట. వాడి మొహం మండ, వాడింట్లో అమ్మ లేదా? బస్సు దిగేదాకా తిడుతూనే ఉంది.

"మూత రాకపాయ తల్లీ, చాకుతో గూడా చూస్తిమి," అంది మాదన్న భార్య మల్లేశ్వరి, డబ్బా ఏదని అడిగితే. "పీటేమో అనుకొని, పొంగిచ్చిన పాలగిన్నె దాని మీద దించితిమి."

డబ్బా చుట్టూ పాలు కారి అట్టకట్టి ఉన్నాయి.

"కంప్యూటర్ మీద పాలగిన్నె పెడతారా యాడన్నా? బుద్ధుండొద్దా?" అంటూ ప్రార్థన దాన్ని లాగింది. గిన్నె ఒరిగి, మిగిలిన పాలన్నీ అప్పుడే లోపలికొచ్చిన బెంగళూరు వ్యాపారి తెల్ల ప్యాంటు మీద పడ్డాయి. శుభమా అని కొత్తింట్లో చేరిన మల్లేశ్వరి మొహం మాడిపోయింది.

డబ్బాను టీవీకి తగిలిస్తే తెర నల్లగానే ఉంది. ఆర్నెల్ల పని పోయినట్టే. కోపానికి ప్రార్థనకు ఏడుపొచ్చింది.

ప్యాంటు తుడుచుకుంటున్న వ్యాపారి డబ్బా అందుకున్నాడు. ఇందిరాబాయి పేరు చుట్టూ, చోటు ఖాళీగా ఎందుకుండాలని గిన్నెలంగడి మనిషి చుక్కలతో మామిడిపిందెల తీగ కొట్టాడు.

"మగ్గానికి గళ్ళ కాగితం మీద గ్రాఫు వేసినట్టే చుక్క చుక్కా ఎంత కుదురుగా ఉందో. ఈ అంచే నాకు కావాలి. ఎవరు గీసినారిది?"

ప్రార్థన నల్లటి తెరను ఇంకోసారి చూసింది. "గిన్నెలంగడి ఆయన," అంది చివరికి.

"అయితే ఆర్నెల్లూ ఆయన అంచులు కొట్టియ్యనీ, నువ్వు గ్రాఫుకెక్కించు పాపా," అని మాదన్న తేల్చేశాడు.

అంతలో ఇందిరాబాయి ఫోన్ చేసింది. "డబ్బా నచ్చిందంటనా వాళ్ళకు?"

"శానా," అంది ప్రార్థన, పళ్ళు కొరుకుతూ.