వారానికోసారి నీళ్ళు వదలాలి

ఆ ఉదయం డ్రాఫ్ట్స్‌మన్ పెట్టుకున్న పనులు రెండే. తాను గీసిన నీళ్ళ పటాన్ని అపార్టుమెంటు లిఫ్టు పక్కనున్న బోర్డుకి అంటించడం, బేకరీకి వెళ్ళి బిస్కట్లు తేవడం. పటం చూసి నలుగురైనా అనుమానాలు అడగడానికి తన తలుపు తడతారని ఆయన ఆశ. భార్య పోయినప్పటినుంచి ఆ తలుపుని కొరియరువాడు తప్ప ఎవరూ తట్టలేదు. అతను కూడా ఎదురింటి పార్సిలు పట్టుకుని పొరపాటున తట్టినవాడే.

పటం మాత్రం కడిగిన ముత్యంలా వచ్చింది. పైన ట్యాంకు, దాన్నుంచి దిగే గొట్టాలు, ఇంటింటికీ కుళాయిలు, షవర్లు. వాడని గొట్టంలో నీళ్ళు గోరువెచ్చగా నిలవుంటే లెజియొనెల్లా అనే క్రిమి పెరుగుతుంది, షవరు తుంపరతోపాటు ఊపిరితిత్తుల్లోకి దూరి న్యుమోనియా తెస్తుంది. అందుకే ఆయన బతుకంతా ఆసుపత్రులకీ హోటళ్ళకీ ఇలాంటి పటాలే గీశాడు. గీతలో అబద్ధమాడే మనిషి కాదు. భవనం మొత్తంలో వాడకం లేని షవరు ఒక్కటే, అదీ తన ఇంట్లో భార్య స్నానాలగదిలోదే అయినా, దాచకుండా వృత్తి భాషలో ఎర్రసిరాతో రాశాడు: "501 – డెడ్. వారానికోసారి అయిదు నిమిషాలు నీళ్ళు వదలాలి."

ఆయన బేకరీ చేరేలోపే వాచ్‌మన్ అది చదివి సెక్రటరీకి ఫోన్ చేశాడు.

"సార్, 501 ఆయన పోయారండీ!"

"ఎవరు చెప్పారయ్యా?"

"బోర్డు మీద ఎర్రగా రాసుంది. నీళ్ళు కూడా వదలమంటున్నారు."

"నీళ్ళొదిలేదాకా వచ్చిందా! ఇంకేముంది!"

వార్త మూడో అంతస్తు చేరేసరికి గుండెపోటైంది. అయిదో అంతస్తులో ఎదురింటావిడ రెండు రోజులుగా వాసన కూడా వస్తోందని చెప్పింది. అది ఆవిడ చెత్తబుట్టదే.

బిస్కట్లతో తిరిగొచ్చిన డ్రాఫ్ట్స్‌మన్‌కి తన గుమ్మం ముందు జనం కనిపించారు. పటం ఇంత బాగా పనిచేస్తుందని ఆయన అనుకోలేదు. ఆనందంతోపాటు బిస్కట్లు చాలవేమోనని కంగారు కూడా పుట్టింది.

"సమయానికొచ్చావు ప్లంబరూ!" అన్నాడు సెక్రటరీ. పటం కోసం టార్చి పట్టుకుని ఇంటింటా సింకుల కింద దూరినప్పటినుంచి అందరికీ ఆయన ప్లంబరే. కాదనడానికి మొహమాటపడి ఎదురింటావిడ కుళాయికి వాషరు కూడా మార్చాడు.

"ఏమైందండీ?"

"501 ఆయన పోయాడు. ఎంత మంచివాడో! నాకు సొంత అన్నయ్యే," అని ఎదురింటావిడ కళ్ళొత్తుకుంది.

డ్రాఫ్ట్స్‌మన్ ఆవిడ వైపు తిరిగాడు. తన గురించి ఎవరైనా అంత మంచిమాట అని ఎన్నాళ్ళయిందో.

"ఆయన్ని ఎప్పుడైనా చూశారా అమ్మా?"

"చూడ్డమెందుకు? ఎదురిల్లేగా!"

"అవన్నీ తర్వాత. మొయ్యడానికి నలుగురు కావాలి, మగవాళ్ళం ముగ్గురమే ఉన్నాం. నువ్వూ ఓ చెయ్యి వెయ్యి," అన్నాడు సెక్రటరీ. "ముందు ఆ తలుపు పగలగొట్టు."

డ్రాఫ్ట్స్‌మన్ జేబులోంచి తాళంచెవి తీసి తలుపు తెరిచాడు.

"తాళం నీ దగ్గరెందుకుంది?"

"ఆ పోయినవాణ్ణి నేనేనండి."

సెక్రటరీ నోట్లోని "నువ్వు" అక్కడే "మీరు" అయిపోయింది. ఎదురింటావిడ కన్నీళ్ళు ఏం చేయాలో తెలియక అలాగే ఉంచుకుంది.

"డెడ్ అన్నది గొట్టాన్నండి, నన్ను కాదు," అన్నాడాయన. "మా ఆవిడ షవరు. ఆ గది తలుపు తీద్దామంటే నాకు చెయ్యి రావడం లేదు. అలా వదిలేస్తే మీకు జబ్బులొస్తాయని రాశాను."

ఎదురింటావిడ ముక్కు చీదుకుని, "ఆ తలుపు మేం తీస్తాంలెండి అన్నయ్యా. వారానికోసారి ఎవరో ఒకరం వస్తాం," అంది.

షవరు తల విప్పించి, తుంపర లేవకుండా మెల్లగా నీళ్ళు వదిలించి, ఆయన అందర్నీ హాల్లో కూర్చోబెట్టాడు. బిస్కట్లు సరిపోయాయి. సెక్రటరీ తన పిల్లల గురించి చెప్పడం మొదలుపెట్టాడు, వాచ్‌మన్ రెండోసారి చెయ్యి చాచాడు. అంతలో అయిదు నిమిషాలూ అయిపోయాయి. కుళాయి కట్టేసి అందరూ వెళ్ళిపోయారు. ఇల్లు పొద్దుటికంటే నిశ్శబ్దంగా తోచింది.

ఆ సాయంత్రం ఆయన ఎర్రసిరా పట్టుకుని కిందికి దిగి, పటంలో "అయిదు నిమిషాలు" కొట్టేసి "అరగంట" అని రాశాడు.