పదిహేడో పెట్టెలో పరాయి గుడ్లు

ఆ రోజుకు గుడ్లమ్మాయి వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఆరింటికి పదిహేడో పెట్టెలోంచి నాలుగు పిచ్చుక గుడ్లు తీయాలి. ప్రయోగశాలలో తూచాలి. ఏడింటికల్లా మళ్ళీ గూట్లో పెట్టేయాలి. ఎనిమిదింటికి ఇంటికి పోయి సాయంత్రం దాకా పడుకోవాలి. మర్నాడు ఆమె పరిశోధనకు ఆఖరి పరీక్ష. ఈ ఏడేళ్ళలో ఆమె కోరుకున్నవాటన్నిటిలోకీ ఆ నిద్రే పెద్ద కోరిక.

ఆమెకు ఆ పేరు పెట్టింది ఆమె పరిశోధన చేసే సంస్థ కాపలాదారు. తోటలో చెట్లకు అరవై చెక్క పెట్టెలు వేలాడుతుంటాయి. వాటిలో పిచ్చుకలు గూళ్ళు పెట్టుకుంటాయి. ఏ పిచ్చుక ఎన్ని గుడ్లు పెట్టింది, వాటిలో ఎన్ని పిల్లలయ్యాయి, ఆ పిల్లల్ని పెంచినందుకు తల్లి ఆయుష్షు ఎంత తగ్గింది అని చూసి రాసుకోవడమే ఆమె పని. పిట్ట ఒంట్లో ఉండే సత్తువ ఇంతేననీ, అది పిల్లల మీద ఎక్కువ పోస్తే తనకు తక్కువ మిగులుతుందనీ ఆ శాస్త్రం చెబుతుంది. పిట్టల వెంట తిరిగేవాళ్ళకు ఎంత మిగులుతుందో మాత్రం చెప్పదు. పిచ్చుక మూడేళ్ళు బతికితే ఎక్కువ. ఆమె పని మొదలుపెట్టిన నాటి పిచ్చుకల మునిమనవలు కూడా ఇప్పుడు గుడ్లు పెట్టేస్తున్నాయి. ఆమె థీసిస్ మాత్రం ఇంకా రెక్కలు రాకుండా బల్ల మీదే ఉంది.

నిజానికి నాలుగేళ్ళకే అయిపోవాల్సిన పని. రెండుసార్లు వెనక్కి వచ్చింది. పంపినవాడు బయటినుంచి వచ్చే పరీక్షకుడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. ముప్పై ఏళ్ళ కిందట ఇదే తోటలో, ఒక పిచ్చుక గూట్లో, వేరే జాతి పిట్ట ఏదో దొంగచాటుగా పెట్టిపోయిన గుడ్లను ఆయన కనిపెట్టాడు. ఆయన సిద్ధాంతం, పుస్తకం, బహుమతులు అన్నీ ఆ గుడ్లలోంచి వచ్చినవే. గుడ్లమ్మాయి రెండు వేల పైచిలుకు గుడ్లు చూసింది. ఒక్కటీ పరాయిది కాదు. రెండుసార్లూ పెద్దాయన నాలుగో అధ్యాయం పక్కన ఎర్రసిరాతో ఒకే మాట రాశాడు: "పరాయి గుడ్లు కనబడలేదంటే పరిశీలనలో లోపం ఉంది." ఈసారి కూడా ఆయన సంతకం పడకపోతే గడువు తీరిపోతుంది, ఏడేళ్ళూ నీళ్ళలో పోసినట్టే.

అలాంటప్పుడు పరీక్ష ముందురోజు గుడ్లు తూచడం ఎందుకంటే, ఆమె పుస్తకంలో పదిహేడో పెట్టెకు ఎదురుగా బరువు గడి ఒకటి ఖాళీగా ఉండిపోయింది. ఖాళీ గడి ఉంటే ఆమెకు నిద్ర పట్టదు.

గుడ్లు తీసుకెళ్ళేటప్పుడు తల్లి బెదిరి గూడు వదిలెయ్యకుండా వాటి చోట సుద్ద గుడ్లు పెట్టడం అక్కడి పద్ధతి. ఆమె తయారు చేసుకున్నవి వారం కిందటే సంచిలోంచి జారి పగిలిపోయాయి. స్టోరు గదిలో వెతికితే విరిగిన కుర్చీల వెనక తుప్పు పట్టిన బిస్కట్ డబ్బా ఒకటి దొరికింది. లోపల దూదిలో నాలుగు సుద్ద గుడ్లు. పిచ్చుక గుడ్డుకు ఒళ్ళంతా బూడిద రంగు చుక్కలుంటాయి. వీటికి రంగు వేసినవాడెవడో మరీ ఉత్సాహవంతుడు, లావు చివర చుట్టూ ఉంగరం తొడిగినట్టు ముదురు గోధుమ మచ్చలు దిద్దాడు. గుడ్లమ్మాయి వాటిని పెట్టెలో పెట్టి కిందికి దిగింది. పిచ్చుక వచ్చి చూసుకోకుండానే వాటి మీద కూర్చుంది.

తూకం అయిపోయింది. దూది పరిచిన చిన్న రేకు డబ్బాలో నాలుగు గుడ్లూ పెట్టుకుని, చల్లారిపోకుండా స్వెట్టర్ లోపల ఎడమ చంకలో ఇరికించుకుని, ఏడింటికి పది నిమిషాల ముందే ఆమె చెట్టు దగ్గరికి వచ్చింది.

నిచ్చెన మీద ఎవరో ఉన్నారు. పెద్దాయన. పాత తోట చూసుకోవాలని ఒక రోజు ముందే దిగాడట. కింద నిచ్చెన పట్టుకుని, ఆమె పరిశోధనను నడిపించే గైడుగారు నిలబడ్డారు. మోకాళ్ళ నొప్పుల వల్ల గైడుగారు నిచ్చెన ఎక్కడం మానేసి పదేళ్ళయింది.

"నాలుగు," అంది పైనుంచి గొంతు. "నాలుగూ అవే. లావు చివర ఉంగరంలా మచ్చలు. ఏమయ్యా, వింటున్నావా? ముప్పై ఏళ్ళ తర్వాత మళ్ళీ అవే గుడ్లు."

గైడుగారి ముఖంలో రంగు పోయింది. సంతోషం పట్టలేక కాబోలు అనుకుంది గుడ్లమ్మాయి.

పెద్దాయన ఒక్కో మెట్టే దిగి కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వేనా ఆ అమ్మాయివి? రెండు వేల గుడ్లలో ఒక్కటీ కనబడలేదన్నావు. నేను ఒక్క పెట్టె తెరిచాను, కనబడ్డాయి. చూశావా, చూసే కన్ను ఉండాలి."

"సార్, అవి అసలు..." అంది ఆమె.

"తర్వాత," అన్నారు గైడుగారు.

"కాదు సార్, అవి నేనే..."

"తర్వాతమ్మా. పెద్దాయన రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు."

పెద్దాయన అప్పటికే కాపలాదారును పిలిచి చెట్టు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టిస్తున్నాడు. మధ్యాహ్నం రెండింటికి కెమెరా వస్తుంది, అంతవరకూ తన సంతకం ఉన్న చీటీ లేకుండా ఈగ కూడా వాలకూడదని చెప్పాడు. ఇద్దరూ టిఫినుకు వెళ్ళిపోయారు. రిబ్బనుకు ఇవతల గుడ్లమ్మాయి, ఆమె చంకలో నాలుగు ప్రాణాలు మిగిలాయి.

"అన్నా, ఒక్క నిమిషం నిచ్చెన ఎక్కనివ్వు. రోజూ ఎక్కేదాన్నేగా," అంది ఆమె.

"రోజూ రిబ్బను లేదుగా అమ్మా," అన్నాడు కాపలాదారు. "చీటీ ఉందా?"

"లేదు."

"ఈ ఉద్యోగంలో చేరిన పద్నాలుగేళ్ళకి ఈరోజు ఒక కాపలా పని ఇచ్చారు. చెడగొట్టకండి." అని ఆమెను తేరిపార చూశాడు. "ఆ ఎడమ చెయ్యేంటి, అలా బిగపట్టారు?"

"ఏం లేదు. పట్టేసింది."

అబద్ధం చెప్పడం అలవాటు లేని మనిషి కావడంతో అది అతనికి నిజం కంటే ఘోరంగా వినిపించింది.

ఆమె గైడుగారి గదికి వెళ్ళింది. కుడిచేత్తో తలుపు తోసింది. ఆయన కిటికీలోంచి రిబ్బనుకేసి చూస్తున్నారు.

"సార్, నేను చెప్పాల్సింది ఒకటుంది."

"రేపు పరీక్ష అయ్యాక చెప్పు. సంతకం పడ్డాక."

"రేపటిదాకా ఇవి బతకవు సార్."

"ఏవో నాకు చెప్పకు," అన్నారాయన, ఇటు తిరగకుండానే. "ఆయన రేపు చాలా మంచి మనసుతో ఉంటారు. నీ థీసిస్ ఇట్టే దాటిపోతుంది. ఒక్క పూట ఊరుకున్నావంటే ఏడేళ్ళ కష్టం గట్టెక్కుతుంది. ఊరుకోవడం పెద్ద కష్టమేం కాదు. అలవాటైపోతుంది."

ఆమె ఆలోచించింది. గుడ్లు ఇంకా వెచ్చగానే ఉన్నాయి. ఊరుకుంటే సంతకం. మాట్లాడితే, ముప్పై ఏళ్ళ తర్వాత దొరికిన సంతోషాన్ని సుద్ద అని చెప్పి, అదే మనిషి దగ్గర సంతకం అడగాలి. వసారాలో గోడకు ఆనుకుని నిలబడి, చెయ్యి కదపకుండా పది దాటేదాకా ఆలోచిస్తూనే ఉంది. అలిసిపోయిన మనిషి ఆలోచనలు కూడా అడుగు తీసి అడుగు వెయ్యవు.

ఈలోపు కాపలాదారు ఆమె పిన్నికి ఫోను చేశాడు. చదువుకోసం వచ్చిన దగ్గర్నుంచీ ఆమె ఉండేది పిన్ని ఇంట్లోనే. "మీ అమ్మాయికి ఎడమ చెయ్యి పడిపోయింది," అని అతను సంగ్రహంగా చెప్పాడు. పిన్ని నొప్పుల మందు సీసా, గొడుగు పట్టుకుని పరుగున వచ్చింది.

"ఏమే, ఎత్తు చెయ్యి."

"ఎత్తకూడదు పిన్నీ."

"ఎత్తలేవా, ఎత్తకూడదా?"

గుడ్లమ్మాయి ఆమెను స్టోరు గదిలోకి తీసుకెళ్ళి, డబ్బా చూపించి, మొత్తం చెప్పేసింది. పిన్ని మందు సీసా కుర్చీ మీద పెట్టింది.

"అంటే పొద్దుట్నుంచి నువ్వు పొదుగుతున్నావా?"

"ఆ."

"ఏమన్నా తిన్నావా?"

"తినలేదు."

"పిచ్చుకలకైనా మగపిచ్చుక వచ్చి కాసేపు కూర్చుంటుందని నువ్వే చెప్పావుగా. ఇలా తే." పిన్ని డబ్బా అందుకుని తన రవికెకూ చీర కొంగుకూ మధ్య, ఎడమ చంకలో సర్దుకుంది. "నువ్వు పోయి ఏదన్నా తిని, ఒక గంట కళ్ళు మూసుకో. నలుగురు పిల్లల్ని పెంచాను, నాలుగు గుడ్లు నాకో లెక్కా."

పిన్ని చెట్టు ఎదురుగా బల్ల మీద బిర్రబిగుసుకుని కూర్చుంది. కాపలాదారు ఆమె చెయ్యికేసి చూశాడు.

"అమ్మగారూ, మీక్కూడానా?"

"మా ఇంట్లో అందరికీ ఉంది," అంది పిన్ని.

రెండింటికి కెమెరా రాలేదు. అది వచ్చే బండి చెడిపోయిందట. పెద్దాయన ఆగలేకపోయాడు. "పెట్టె మొత్తం దింపేద్దాం. గూటితో సహా ప్రయోగశాలకు తీసుకెళ్ళి దీపాల కింద ఫొటోలు తీద్దాం," అన్నాడు. కాపలాదారు రంపం తెచ్చాడు.

కంటి మీద కునుకు పడీపడకముందే పిన్ని కేక విని గుడ్లమ్మాయి పరుగెత్తి వచ్చింది. పెట్టె కదిపితే ఆ పిట్టలు ఇక గూటికి రావు. సుద్ద గుడ్ల మీద కూర్చున్నా కూర్చుంటాయి గానీ, లేని గూట్లో ఎలా కూర్చుంటాయి. ఆమె గైడుగారికేసి చూసింది. ఆయన రంపంకేసి చూస్తున్నారు.

ఆమె రిబ్బను కిందనుంచి వంగి లోపలికి వెళ్ళింది.

"అమ్మా, చీటీ..." అన్నాడు కాపలాదారు.

"పిన్నీ, డబ్బా ఇవ్వు."

పిన్ని వచ్చి డబ్బా తీసి ఇచ్చింది. పెద్దాయన అడ్డం రాబోయాడు. "ఏంటమ్మా ఇది?"

"సార్, అసలు గుడ్లు ఇవి. పైనున్నవి సుద్దవి. తూకానికని పొద్దున నేనే మార్చాను. చెప్దామని రెండుసార్లు చూశాను, కుదరలేదు. రేపు మీరు సంతకం పెట్టకపోయినా సరే, వీటిని మాత్రం ఇప్పుడు పైన పెట్టాలి."

ఆమె నిచ్చెన ఎక్కింది. పిచ్చుక పెట్టెలోంచి ఎగిరి పక్క కొమ్మ మీద వాలింది. ఆమె సుద్ద గుడ్లు జేబులో వేసుకుంది, అసలువి ఒక్కొక్కటే గూట్లో సర్దింది, మూత వేసింది. కిందికి దిగి, ఒక సుద్ద గుడ్డు పెద్దాయన అరచేతిలో పెట్టింది. ఆయన దాన్ని నిచ్చెన మెట్టుకేసి మెల్లగా కొట్టాడు. టక్కుమంది.

పెద్దాయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. చాలాసేపు తిప్పాడు.

"ఎవరు చేశారు వీటిని?"

"తెలీదు సార్. స్టోరు గదిలో పాత బిస్కట్ డబ్బాలో ఉన్నాయి."

"నేనే," అన్నారు గైడుగారు.

"ఎప్పుడు?"

"మీరు మొదటి వ్యాసం రాసిన ఏడాది. అప్పుడు నేను మీకు సహాయకుణ్ణి. తూకానికని గుడ్లు మార్చి, టీ తాగి వచ్చేసరికి మీరు నిచ్చెన మీద ఉన్నారు." గైడుగారు ఆయన చేతిలోని గుడ్డుకేసి చూశారు. "రంగు కొంచెం వెలిసింది గానీ, అవే."

"అప్పుడే చెప్పొచ్చుగా?"

"చెప్దామనే వచ్చానండీ. మీరు నన్ను కౌగిలించుకున్నారు."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత మీకు బహుమతి వచ్చింది. తర్వాత పుస్తకం వచ్చింది. మధ్యలో ఎక్కడా సందు దొరకలేదు."

పెద్దాయన నిచ్చెన కింది మెట్టు మీద కూర్చున్నాడు. పిన్ని గొడుగు విప్పి ఆయనకు ఎండ తగలకుండా పట్టింది. గుడ్లమ్మాయి గైడుగారికేసే చూస్తోంది. నాలుగో అధ్యాయం రెండుసార్లు వెనక్కి వచ్చింది. రెండుసార్లూ ఈయనే ఎర్రసిరా చదివి, "ఇంకో ఏడాదిన్నర వెతుకమ్మా" అన్నారు. ఎందుకు కనబడలేదో అప్పుడే ఆయనకు తెలుసు.

"మూడేళ్ళు సార్," అంది ఆమె. ఇంకేం అనడానికి ఓపిక లేదు.

"ముప్పైతో పోలిస్తే తక్కువే," అన్నారు గైడుగారు, నేలకేసి చూస్తూ.

కాసేపటికి పెద్దాయన తలెత్తాడు. "ఆ నాలుగో అధ్యాయం ఇలా తీసుకురామ్మా," అన్నాడు. ఆమె తెచ్చింది. ఆయన తను రాసిన ఎర్రసిరా వాక్యాన్ని, అదే రంగు సిరాతో, రెండు ప్రతుల్లోనూ కొట్టేశాడు. పరీక్షలో అడగాల్సినవి ఏమీ మిగల్లేదని, సంతకం పెట్టాల్సిన కాగితం కూడా అడిగి తీసుకున్నాడు. పిన్ని వీపు వంచింది. దాని మీద పెట్టుకుని సంతకం చేశాడు. సుద్ద గుడ్లు నాలుగూ తన కోటు జేబులో వేసుకుని, గైడుగారిని వెంటబెట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఇద్దరూ దారిలో ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. చాలా నెమ్మదిగా నడిచారని మాత్రం కాపలాదారు చెప్పాడు.

"ఇప్పుడన్నా ఇంటికి రా," అంది పిన్ని.

"ఒక్క నిమిషం పిన్నీ."

పిచ్చుక పదకొండో నిమిషంలో పెట్టెలోకి తిరిగి వచ్చింది. ఈసారి కూడా చూసుకోకుండానే కూర్చుంది. గుడ్లమ్మాయి పుస్తకం తెరిచి, పదిహేడో పెట్టె వరసలో బరువు గడి నింపింది, పరాయి గుడ్ల గడిలో సున్నా వేసింది, ఆ వరస పక్కన అంచులో "పరిశీలనలో లోపం లేదు" అని రాసి, సంతోషించడానికి ఓపిక లేక ఆ పని మర్నాటికి వాయిదా వేసుకుని పడుకోవడానికి వెళ్ళింది.