ప్రిన్సిపాలు గడియారం, ముత్యం గొట్టం

అయస్కాంతాలు పంపి, వాటి బలం కొలిచే మీటరు పంపని పెద్దమనుషులారా, మొన్న శనివారం కరీంనగరంలో పదకొండింటికే పన్నెండు కొట్టిందంటే నేరం మీది. ముత్యం మీదికి తోయకండి.

ముత్యం కాలేజీ ప్రయోగశాలలో అటెండరు. ఇది 1965. బడిలో చదివింది ఏడో తరగతి, మిగతాదంతా పాత పుస్తకాలు నమిలి నేర్చుకున్నాడు. గాలి తోడేసిన గాజు గొట్టానికి రాగితీగ చుట్టి రేడియో వాల్వుకు తగిలిస్తే, లోపల మిగిలిన పిసరంత గాలి ఊదారంగులో వెలుగుతుంది. దాన్నే ప్లాస్మా అంటారు. అటూ ఇటూ అయస్కాంతాలు నిలిపి, ఆ వెలుగు ఎక్కడ ఎంత చిక్కగా ఉందో గొట్టంలోకి దించిన సన్నటి తీగతో కొలుస్తుంటాడు. మీరు పెట్టెలో పెట్టిన కాగితం ప్రకారం అయస్కాంతం బలం నడుమనే ఉంటుంది, బయటికి పొక్కదు. ఆ లెక్కన వెలుగు నడుముకు ముడుచుకోవాలి. తీగేమో గొట్టం కొసదాకా ఉందంటుంది.

మధ్యాహ్నం పన్నెండింటికి హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్టరు రావాలి. లెక్కా కొలతా కలవకపోతే గదికి తాళమే. అందుకే ప్రిన్సిపాలు శ్యాంసుందర్‌రావు ఎనిమిదింటికే వచ్చి గొట్టం కొస మీదికి వంగి చూశాడు. కోటు జేబులోని గొలుసు గడియారం జారి అక్కడే వేలాడింది.

"కొలతలు దిద్దురా. లెక్కకు సరిపోయేటట్టు రాస్తే అయిపాయె."

"తీగ చెప్పిందే రాస్త సార్. తాళం ఏస్తె ఏసుకోండ్రి."

ఆయన విసురుగా వెళ్లిపోయాడు. గంట కొట్టే వెంకటి ఎప్పుడూ చూసేది ఆయన గడియారమే. పదకొండింటికే దాని ముళ్లు రెండూ పన్నెండు మీద కలిశాయి. శనివారం ఒంటిపూట కాబట్టి వెంకటి ఇంటిగంట కొట్టాడు, పిల్లలు పారిపోయారు. ఎదుటి హోటల్లో కొమురవ్వ గంట విని సగం ఉడికిన అన్నం దించింది. గంట వినే కదిలే వేములవాడ బస్సు కదిలింది, యాత్రికులు చాయ్ సాసర్లతో వెంటపడ్డారు. శ్యాంసుందర్‌రావు ఇంకాసేపు చూసి, ఇన్‌స్పెక్టరు రాక కాలేజీని అవమానించాడని హైదరాబాదుకు తంతి కొట్టించి ఇంటికి పోయాడు.

ఇన్‌స్పెక్టరు సరిగ్గా పన్నెండింటికి దిగాడు. కాలేజీలో ముత్యం ఒక్కడే ఉన్నాడు. కొలతలు పూర్తయ్యేదాకా ఏ గంటనూ ఖాతరు చేసే మనిషి కాడు. కబురందిన ప్రిన్సిపాలు ఎంగిలిచేత్తో ఉరికివచ్చాడు. ఇన్‌స్పెక్టరు గడియారం పన్నెండున్నర చూపిస్తోంది, ఆయనది రెండు.

"పొద్దుగాల దాకా మంచిగనే ఉండె. వీని గొట్టం మీదికి వంగినంకనే కరాబైంది."

ముత్యం దిక్సూచి తెచ్చి గొట్టం కొసన పెట్టాడు. ముల్లు గిర్రున తిరిగింది. అయస్కాంతం సోకితే గడియారం లోపలి సన్నటి స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, ముళ్లు పరుగు తీస్తాయి.

"బలం గీడిదాక వస్తుంది సార్. మీ గడియారం అబద్ధమాడలే, నా తీగ అబద్ధమాడలే. కాగితమే ఆడింది."

అక్కడే బోర్డు మీద, బలాన్ని కొసదాకా తీసుకుని, లెక్క మళ్లీ కట్టాడు. ఈసారి తీగ చెప్పిన చోటికే వెలుగు వచ్చింది. ఇన్‌స్పెక్టరు తాళం తెమ్మన్నాడు. గదికి కాదు, ఆ కాగితాన్ని బీరువాలో పెట్టడానికి. తంతి సంగతి శ్యాంసుందర్‌రావు ఆయనకు చెప్పలేదు.

పెద్దమనుషులారా, ఇప్పటికైనా మీటరు పంపండి, సోమవారానికల్లా. మీ అయస్కాంతాల బలం కొలవడానికి ఊళ్లో ఇంకెవరూ గడియారం ఇచ్చేటట్టు లేరు.