తిరువూరు గగనతల భద్రత

తిరువూరు పుర ప్రజలకు తెలియజేయడమేమనగా, 2003 మార్చి నుంచి మన ఊరి మీది ఆకాశం ఒక సంఘం ఆధీనంలోకి వచ్చింది. దాని పేరు తిరువూరు గగనతల భద్రతా సంఘం. ఇంతకీ ఆకాశంలో మన ఊరివాళ్లు ఎంతమంది తిరుగుతున్నారని కొందరు గిట్టనివాళ్లు అడుగుతున్నారు. ఒక్కరే. ఆ ఒక్కరి కోసం పదకొండు మందిమి రాత్రనక పగలనక ఆందోళన చెందుతున్నాం. నేను కార్యదర్శిని.

ఆ ఒక్కరూ రైసుమిల్లు వెంకటకృష్ణారావు గారు. వయసు డెబ్భై రెండు. కుర్రతనంలో హైదరాబాదు వెళ్లి విమానం నడపడం నేర్చుకున్నారు. ఆయనకు లైసెన్సు ఉంది, డాక్టర్లిచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉంది, సంఘం పెట్టేనాటికి దానికి ఇంకా ఎనిమిది నెలల గడువు కూడా ఉంది. మిల్లు పని తగ్గించుకున్నాక ఇద్దరు పట్టే చిన్న విమానం కొనుక్కుని, వినగడప దారిలోని తన మామిడితోటలో రెండు వరసల చెట్లు కొట్టించి, దిగడానికీ లేవడానికీ బాట వేయించుకున్నారు. ఆదివారం పొద్దున్నే గాల్లోకి లేచి, నెమలి ఊళ్లోని వేణుగోపాలస్వామికి పైనుంచే దణ్ణం పెట్టుకుని, కాఫీవేళకు తిరిగొచ్చేవారు. ఆయన దిగేదాకా భార్య పరమేశ్వరి గారు తోటలో కుర్చీ వేసుకుని పైకి చూస్తూ కూర్చునేవారు. ఆరేళ్లపాటు ఊరు దీన్ని ముచ్చటగా చూసింది. చుట్టాలొస్తే చూపించింది కూడా.

మొన్న ఫిబ్రవరిలో ఒక ఆదివారం రావు గారు తన తోటలో దిగబోయి, పక్కనే ఉన్న అంతోనయ్య మిరపకళ్లంలో దిగారు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కాకపోతే ఆరబోసిన మిరపకాయలు విమానం ఫ్యాను గాలికి లేచి, వినగడప ఊరు మొత్తం మూడు రోజులు తుమ్మింది. అంతోనయ్య తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఒకే ఒక మాటన్నాడు.

"కళ్లలో కారం పడి మూసుకుపోతున్నా నాకు మీ విమానం కనపడిందండి. ఇంత ఎర్రగా ఆరబోసిన కాయలు మీకు కనపడలేదా అండీ?"

రావు గారు క్షమించమని చెప్పి ఇంటిదారి పట్టారు. ఆ పూట భోజనం కూడా చేయలేదట. ఆయనకు విమానమంటే ప్రాణం. అది లేని ఆదివారాన్ని ఆయన ఊహించుకోలేరు. ఈ సంగతి మాకందరికీ తెలుసు. తెలిసే, వెంటనే సంఘం పెట్టాం.

అధ్యక్షులు వెంకటాద్రి మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు, వయసు డెబ్భై ఆరు. ఆర్యవైశ్య కల్యాణ మండపంలో జరిగిన తొలి సమావేశంలో ఆయన చేసిన ప్రసంగం చిరస్మరణీయం.

"స్వేచ్ఛ మన జన్మహక్కు! భద్రత మన కనీస బాధ్యత! ఈ రెండింటి మధ్యలోంచి రావు గారు ఎగురుతున్నారు. ఆయన స్వేచ్ఛను మనం గౌరవిస్తున్నాం. కాబట్టి ఆయన నిరభ్యంతరంగా ఎగరవచ్చు. అయితే పైకి పోకూడదు!"

చప్పట్లు ఆగలేదు. ఎంత ఎత్తును పైకి పోవడం అనాలన్న దానిమీద మూడు గంటలు చర్చ జరిగింది. స్వామివారి గోపురానికంటే ఎత్తున ఎగరడం అపచారమని ఒకరన్నారు. తాటిచెట్లకంటే కింద ఎగిరితే కల్లుగీసేవాళ్ల మాటేమిటని మరొకరన్నారు. చివరికి తాటిచెట్టుకు పైన, గోపురానికి కింద ఎగరాలని ఏకగ్రీవంగా తీర్మానించాం. ఆ రెంటికీ మధ్య ఎంత జాగా ఉందో కొలిచి చెప్పే పని విమానానికే వదిలేశాం.

ఎగిరే ముందు ఆటోకు మైకు కట్టి ఊరంతా చాటించాలని ఇంకో నియమం. ప్రజలు జాగ్రత్తపడతారని మా ఉద్దేశం. మైకు వినగానే జనం పిల్లాపాపలతో మేడలెక్కి నిలబడ్డారు. విమానానికి లారీ హారను బిగించాలన్నాం, బిగించారు. గర్ల్స్ హైస్కూల్లో పనిచేసి రిటైరైన మా సభ్యురాలు సరోజినీదేవి గారు అగ్నిప్రమాదాల గురించి హెచ్చరించడంతో, వెనక సీట్లో నాలుగు బకెట్ల ఇసుక పెట్టాలన్నాం, పెట్టారు. ఆ బరువుకి విమానం బాట చివరిదాకా పరిగెత్తి, చెట్ల ముందు ఆగిపోయింది. మా నియమాల్లో నూటికి నూరుపాళ్లు ఫలించింది ఇదొక్కటే.

ఈ నియమాల మధ్యలో ఒక సభకు వచ్చిన పరమేశ్వరి గారు లేచి, "అవన్నీ ఎందుకండీ? ఆయనకు కళ్లు ఎంతవరకు ఆనుతున్నాయో ఒకసారి చూపించుకు రమ్మనండి, చాలు," అన్నారు.

గగనతలంలో కంటి పరీక్ష అంటూ మొదలైతే అది మెల్లగా నేలమీదికి కూడా దిగే ప్రమాదముందని సభ్యులు గుసగుసలాడారు. ఆవిడ సూచన అజెండాలో లేదని మాస్టారు తోసిపుచ్చారు. నేను మినిట్సులో కూడా రాయలేదు.

ఏప్రిల్ మొదటి ఆదివారం రావు గారి దంపతుల సమక్షంలో సంఘం మళ్లీ కూడింది. విమానానికి నిమ్మకాయలు ఎన్ని కట్టాలన్నది ఆనాటి విషయం. మాస్టారు ఉపన్యాసం మొదలెట్టగానే రావు గారు లేచి మండపం వసారాలోకి నడిచారు. మేమంతా వెనకే వెళ్లాం. రోడ్డుకు అవతల బస్‌స్టాండు. దాని నెత్తిన మనిషెత్తు అక్షరాలతో ఊరి పేరు.

"పరమేశ్వరీ, అదేంటో అడుగు నన్ను," అన్నారాయన.

"అక్కడ ఏం రాసుందండీ?"

"తిరువూరు," అన్నారు రావు గారు. "చదివి చెప్పలేదు. తెలుసు కాబట్టి చెప్పా. నాకక్కడ తెల్లటి మసక తప్ప ఏమీ ఆనట్లేదు. పైనుంచి కూడా అంతే. ఏడాదిగా నేను చూసి దిగట్లేదు, తెలిసి దిగుతున్నా. ఆ రోజు అంతోనయ్య కాయలు నాకు నిజంగానే కనపడలేదు."

విమానం తాళంచెవి తీసి భార్య చేతిలో పెట్టారు. సర్టిఫికెట్ ప్రకారం ఇంకా ఏడు నెలలు ఎగరవచ్చు, మా నియమాల ప్రకారం బతికినంతకాలం ఎగరవచ్చు. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. పరమేశ్వరి గారు ఆయన చెయ్యి వదల్లేదు.

మాస్టారికి మాత్రం మండుకొచ్చింది. "అదేంటండీ! పదకొండు మందిమి ఇక్కడుండగా మీ అంతట మీరే మానేస్తే ఎలా? ఇక మేం ఎవర్ని ఆపాలి?"

"నన్ను నేను ఆపుకున్నాను కదండీ," అన్నారు రావు గారు. తర్వాత పక్కకు జరిగి, తాను నిలబడ్డ చోటు చూపించారు. "మీరూ ఒకసారి ఇక్కడ నిలబడి అటు చూడండి మాస్టారూ. తర్వాత ఒక్కొక్కరూ రండి."

ఎవరూ కదల్లేదు. "పుట్టి పెరిగిన ఊరి పేరు కొత్తగా చదివేదేంటండీ!" అన్నారు మాస్టారు. మేం చప్పట్లు కొట్టాం. కోరం లేదన్న కారణంతో సభ అక్కడికక్కడే ముగిసింది. ఎగరడం మా అనుమతి లేకుండా మానేసినందుకు రావు గారికి సంజాయిషీ నోటీసు ఇవ్వాలని మెట్లు దిగుతూ తీర్మానించాం.

కింద మా వాహనాలున్నాయి. మాస్టారు స్కూటరు స్టార్టు చేశారు. దాన్ని ఆపాల్సొచ్చినప్పుడు ఆయన రెండు కాళ్లూ నేలకు ఆనిస్తారు. సరోజినీదేవి గారు కారెక్కి, ఎదురుగా ఏమైనా ఉందా అని వెనకసీట్లో మనవరాలిని అడిగి బయల్దేరారు. నేను నా మోపెడ్‌ను శబ్దాన్ని బట్టి నడుపుతాను, ఇంతవరకు ఇబ్బంది రాలేదు. రావు గారూ, పరమేశ్వరి గారూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రోడ్డువారగా నడుచుకుంటూ ఇంటికి పోతున్నారు. మేమంతా హారన్లు కొట్టి వాళ్లను కాలవగట్టు ఎక్కించాం.

ప్రస్తుతం ఆకాశంలో ప్రమాదమేమీ లేదు. నేలమీద నడిచేవాళ్లు మాత్రం మీ జాగ్రత్తలో మీరుండండి. మేం వస్తున్నాం.