సైదమ్మ మెట్లబావి దండయాత్ర

స్వస్తి. మూసీకృష్ణాంతరాళవిరాజమానమును, బోరుబావిసహస్రవిద్ధవక్షఃస్థలమును అగు సూర్యాపేట సీమయందు, భానుడు నడినెత్తి కెక్క నుంకించుచున్న యొక యాదివారమున, ఇత్తడిబిందెను గదవలె భుజమున దాల్చి, కొంగు నడుమున బిగించి, మేషపాలవంశోత్తంసయగు సైదమ్మ మెట్లబావిపై దండెత్తెను.

కారణము స్వల్పము గాదు. క్రిందటిమారు మిర్యాలగూడనుండి విచ్చేసిన వియ్యపురాలు ధనలక్ష్మి, నిండుబంతిలో ముద్ద నోటబెట్టి, "వదినె, పప్పు పలుకు మీదున్నది" అని సెలవిచ్చెను. ఆ మాట సైదమ్మ గుండెలో ముల్లై దిగి నేటికిని సలుపుచుండెను. తప్పు వంటది గాదు, కందిపప్పును గులకరాయిగ నిలిపియుంచు బోరునీటిది. నేడు ధనలక్ష్మి మరల వచ్చుచున్నది. పప్పును వెన్నచేయు నీరు ముల్లోకములలో నొక్కచోటనే కలదు. అది ఏనాటి రాజో రాతిపై రాయి పేర్చి కట్టించగా, మొన్నటి వేసవిలో ఊరివారు పూడికదీసిన ఆ బావి యడుగున.

కాని యచ్చట శత్రుసేన విడిసియుండెను. మీద డ్రోను ఝంకరించుచుండ, చివరిమెట్టున లెహంగాభారవినమితగాత్రియగు పెండ్లికూతురు సింధు, ప్రక్కన కోటులో నుడుకుచున్న వరుడు, ఎదుట కోదాడ కెమెరావీరుడు వంశీ.

"కాసేపు ఆగండి పెద్దమ్మా, నీళ్లు కదిలితే రిఫ్లెక్షన్ పోద్ది" అని వంశీ చేయి యడ్డుపెట్టెను.

సైదమ్మ నిలిచెను. సూర్యుడు కదలెను గాని వంశీ కదలడాయెను. ఇంతలో ఫోను మ్రోగెను. "బస్సెక్కిన వదినె" అని ధనలక్ష్మి కంఠము.

అంతట సైదమ్మ రౌద్రాకారయై, బిందె మెట్టుపై మోపి, బావి ప్రతిధ్వనించునట్లు గర్జించెను:

"సూడు బిడ్డా, ఈ బావి తవ్వినోడు ఫోటోల కోసం తవ్వలె, దూపైనోళ్ల కోసం తవ్విండు. చెత్తతోటి పూడి ఉన్నన్ని దినాలు ఒక్కడు తొంగి సూడలె. ఇయ్యాల నీళ్లు అద్దం లెక్కున్నయని బిందె ముంచొద్దంటవా? నీ రిఫ్లెక్షన్ జరసేపైతే మల్లొస్తది. మా వియ్యపురాలి ముంగట నా ఇజ్జత్ పోతే రాదు. మిర్యాలగూడోళ్ల నోరు నీకెరుక లేదు."

ఆ తుదిమాటకు సింధు ఉలికిపడెను. "మా అత్తమ్మది గూడ మిర్యాలగూడనే అవ్వా" అని, వరుడు ఆకాశమును పరిశీలించుచుండగా, బిందె లాగికొని తానే బుడుంగున ముంచెను. నీటిలోని డ్రోను, బావి రాతితోరణములు, వరుడు, సమస్తమును నూరువ్రక్కలై అలలలో నూగినవి. వంశీ తల పట్టుకొనెను. సైదమ్మ బిందె నెత్తికెత్తుకొని మెట్లెక్కెను.

మధ్యాహ్నము ధనలక్ష్మి పప్పు కలిపి, ముద్ద నోటబెట్టి, నమలెను. సైదమ్మ గరిట పట్టుకొని ఆ దవడలవంకనే చూచుచుండెను.

"వదినె, ఉప్పు జర తక్కువైంది."

దిక్కులారా, వినుడు. వంక వెదకవచ్చిన వియ్యపురాలికి ఉప్పు తప్ప మరేమియు దొరకలేదు. పప్పు ఉడికెను. సైదమ్మ నవ్వు దాచుకొనుచు ఉప్పుడబ్బాకై వంటింటి కేగెను.