నర్సింలు రక్తంలో అల్లం బస్తా

దొంగను పట్టడానికి ఇక మీదట పోలీసులు అక్కర్లేదు. కాన్పు చేసే నర్సు చాలు.

బిడ్డ కేర్‌మనగానే మడమలో సూది గుచ్చి ఒక చుక్క రక్తం తీస్తే చాలునట. వాడు పెద్దయ్యాక బోరు మోటారు వైరు కోస్తాడా, మేకను ఎత్తుకుపోతాడా, బ్యాంకునే మింగుతాడా తెలిసిపోతుందట. నేరం మనిషి చేసేది కాదట, వాడి జీన్లు చేస్తాయట!

ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టినోణ్ణి, ఇంత సైన్సు నాకెట్లా తెలుసంటారా? మా అల్లం సేటు కొడుకు సుదర్శన్ ఫోన్‌లో చదివి చెప్పాడు. పిల్లగాడు హైదరాబాద్‌లో చదువుతున్నాడు. చేలోకి కూడా నల్ల కళ్లద్దాలు పెట్టుకొని వస్తాడు. నమ్మక చస్తానా?

ఎంత సుఖమో జర ఆలోచించండి. ఠాణాలు ఖాళీ చేసి అల్లం ఆరబోసుకోవచ్చు. వకీళ్లంతా పొలం పనికి వస్తారు, మాకెట్లాగూ కూలీలు దొరకడం లేదు. దొంగకు కూడా మేలే. "నాదేం లేదయ్యా, అంతా మా ముత్తాత" అంటే జడ్జిగారు ముత్తాతకు సమన్లు పంపిస్తారు. కోర్టు జవాను పోయి బొందలగడ్డలో సమాధికి అంటించి వస్తాడు.

నిజానికి ఇది మనకు కొత్తనా? సంతలో ఎద్దును కొనేటప్పుడు సుడి చూడమూ? సుడి బాగాలేకపోతే అది ఎంత దున్నినా దాన్ని ఎవడూ కొనడు. తెల్లదొరలు ఇంకో అడుగు ముందుకేసి, కొన్ని కులాలకు కులాలనే పుట్టుదొంగలని రాసి పారేశారు. పాపం, వాళ్ల దగ్గర సూది లేదు. అందాజగా రాశారు.

ఇక మా సంగతి. మొన్న చిరాగ్‌పల్లి దగ్గర మా చేలో అల్లం తవ్వించాం. జహీరాబాద్ నుంచి సేటు చెన్నబసప్ప లారీ తెచ్చాడు, వెంట కొడుకును కూడా. మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. కాంటా పెట్టకముందే సేటు 'నమూనా' అని ఇంత అల్లం తీసుకుంటాడు. దానికి తూకం లేదు, పైసలూ లేవు. సరుకు ఎట్లా ఉందో చూసుకోవడానికన్నమాట. ఎన్నేళ్లుగా కొంటున్నా ఇంకా చూస్తూనే ఉన్నారు.

కాంటా అయ్యాక లెక్క చూస్తే ఒక బస్తా తక్కువ వచ్చింది.

సేటు వెతకలేదు. సరాసరి హమాలీ నర్సింలు మొహం చూశాడు.

"వీని అయ్య చెరుకు గడలు ఇరుసుకపోతూ దొరికిండు. రక్తం యాడికి పోతది?"

సుదర్శన్ ఫోన్ తీసి నా వైపు తిప్పాడు. "అవును కాకా, జెనెటిక్స్. వాడు వద్దనుకున్నా చెయ్యి ఆగదు."

నర్సింలు తలగుడ్డ విప్పి దులిపాడు, బస్తా అందులో దాచినట్టు.

"మా అయ్యకు రెండెకరాలుండె సేట్, అది నాకు రాలే. ఉబ్బసముండె, అదీ రాలే. దొంగతనమొక్కటే నా పాలికొచ్చిందా?"

"నోరు గూడ వచ్చింది," అన్నాడు సేటు. "రేపటి సంది నా లారీల కాడికి రాకు."

ఈ చుట్టుపక్కల అల్లం ఎత్తే లారీలన్నీ సేటువే. అంటే నర్సింలుకు ఈ సీజన్ పని పోయినట్టే. అల్లం అంతా సేటు లారీలో ఉన్నప్పుడు రైతుకు సైన్సు మీద అపారమైన గౌరవం కలుగుతుంది.

డ్రైవర్‌కు చాయ్ ఇవ్వడానికి పోయిన మా ఇంటామె గంగమ్మ అక్కడి నుంచే కేకేసింది.

"ఇగో, మన బస్తా డ్రైవర్ పక్కన సీట్ల కూసున్నది. టికెట్ కొన్నదో లేదో అడుగున్రి!"

బస్తా మూతికి కట్టింది ఆమె పాత ఎర్రచీర పేలిక. కాదనడానికి లేదు. సేటు కాదనలేదు కూడా.

"నమూనా గది, బస్వరాజ్," అన్నాడు నాతో, చల్లగా. "కొత్తగ చూస్తున్నట్టు చేస్తవేంది? మా తాత కాలం నుంచి తీసుకుంటనే ఉన్నం గద."

"మీ తాత గుప్పెడు తీసుకునేటోడట," అంది గంగమ్మ. "మీ నాయిన గంపెడు తీసుకుంటుండె. నువ్వు బస్తానా?"

"కాలంతోటి అన్నీ పెరుగుతయి గదమ్మా."

"మరి నర్సింలు సంగతేంది సేట్?" అని అడిగాను. బస్తా దొరికింది కాబట్టి నాకు కూడా కొంచెం నోరు వచ్చింది.

సేటు నిజంగానే ఆలోచించాడు. "ఇయ్యాల తియ్యలే, సరే. రేపు తియ్యడని గ్యారంటీ ఏంది? రక్తం రక్తమే." ఆ మాట అని కేబిన్ ఎక్కి, సీటు ఇరుకైతే బస్తాను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. మర్నాటి నుంచి నర్సింలు బదులు కోహీర్ ఊరి హమాలీలు వచ్చారు.

ఆ రోజు లారీ ఎక్కబోతున్న సుదర్శన్‌ను నేను ఆపి అడిగాను. "బిడ్డా, ఆ టెస్టు మీ ఇంట్ల గూడ ఒకపారి చేయించరాదు?"

"అవి క్రిమినల్స్‌కు చేస్తారు కాకా," అన్నాడు, నా చదువుకు జాలిపడి.

సైంటిస్టు సార్లూ, మీ మాట మీద నాకు ఇప్పుడు రవ్వంత అనుమానం కూడా లేదు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు దిగి, తరం తరానికి బలిసే గుణాన్ని నా చేలోనే, నా కళ్లతోనే చూశాను. సూది పట్టుకొని జహీరాబాద్ రండి. నర్సింలు జోలికి మాత్రం పోకండి. వాడు పొద్దున్నే బస్టాండ్ దగ్గర కూలి కోసం కూర్చుంటున్నాడు, ఒంట్లో రక్తం తక్కువ. నేరుగా సేటు ఇంటికి పోండి. ఎంత తీస్తారని అడిగితే, నమూనాకు మాత్రమేనని చెప్పండి.

నమూనా అంటే ఎంతో ఆ ఇంట్లో వాళ్లకు తెలుసు.