మొగుణ్ణి లేపని శనివారం

నెరిస్‌కు ఈ లోకంలో అన్నిటికంటే పెద్ద భయం, మొగుడి జట్టు గెలుస్తుందేమోనని.

కుమ్‌హెలిగ్ లోయలో ఈ మాట పైకి అంటే ఇల్లు ఖాళీ చేసి పోవలసి వస్తుంది. ఆ ఊరి రగ్బీ జట్టు పంతొమ్మిదేళ్ళుగా అట్టడుగు డివిజన్‌లోనే పడి ఉంది. ఈ ఏడు ఏం పుట్టిందో గాని వరసగా గెలుచుకుంటూ వచ్చి, ఒక్క మ్యాచ్ మిగిలేసరికి పై డివిజన్ గుమ్మంలో నిలబడింది. శనివారం మధ్యాహ్నం ట్రెఫాన్ జట్టును ఓడించాలి. ఓడిస్తే చాలదు, నాలుగు ట్రైలు కూడా వేయాలి. అంటే బంతిని నాలుగుసార్లు అవతలి గీత దాటించి నేలకు ఆనించాలి. అప్పుడే అదనపు పాయింటు వచ్చి పైకి వెళతారు. మాంసం కొట్టు మొదలు చాపెల్ తలుపు దాకా ఊరంతా ఎర్ర జెండాలు కట్టారు. నెరిస్ కిటికీకి కూడా ఒకటి ఉంది. ఆమే కట్టింది. కట్టకపోతే అడుగుతారు కదా.

ఆమె బాధ ఆమెది. పదహారో ఏట బడి మానేసింది. ఇప్పుడు ఇరవై రెండేళ్ళు, చంకలో రెండేళ్ళ కూతురు మబ్లి. ఇన్నాళ్ళకు బేకరీ మైర్వెన్ గారు వచ్చే వారం నుంచి శనివారాలు పొద్దున ఆరు నుంచి పన్నెండున్నర దాకా కౌంటర్‌లో నిలబడే పని ఇస్తానన్నారు. పుట్టి బుద్ధెరిగాక మొదటి ఉద్యోగం. "మరి పిల్లనెవరు చూస్తారే?" అని ఆవిడ అడిగితే, "గెథిన్ చూస్తాడండీ, మ్యాచ్ రెండున్నరకు కదా" అంది నెరిస్. ఈ డివిజన్‌లో ఎవరి ఊరికి వెళ్ళి ఆడినా ఇరవై నిమిషాల దారి. పై డివిజన్ అలా కాదు. అక్కడి ఊళ్ళు పడమటి సముద్రం దాకా ఉన్నాయి. వారం విడిచి వారం గెథిన్ పొద్దున్నే ఏడింటికి బస్సెక్కాలి. "ఓ వారం వచ్చి ఓ వారం ఎగ్గొట్టే పిల్ల నాకొద్దమ్మా" అని మైర్వెన్ గారు ముందే తేల్చేశారు.

కాబట్టి ఆ శనివారం నెరిస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మొగుణ్ణి లేపకపోవడం.

గెథిన్ ఆ ఒక్క వారానికి రాత్రి డ్యూటీ చేసి ఏడింటికి ఇల్లు చేరి, "ఒంటిగంటకు లేపు నెర్" అని మంచం మీద పడ్డాడు. లేపకపోతే సాయంత్రం దాకా కదలడు. అతడు జట్టులో హుకర్. ఎనిమిదిమంది ఎనిమిదిమందికి ఎదురుగా తలలు దూర్చి ఎద్దుల్లా నెట్టుకునే స్క్రమ్‌లో, ముందు వరుస మధ్యన ఉండేవాడు. ఆ చోట శిక్షణ పొందినవాడే ఉండాలని లీగ్ నియమం. లేకపోతే నెట్టుకోవడం బంద్, ఆ జట్టుకు పాయింట్లు కోత. క్లబ్ గోడకు అంటించిన నియమాల కాగితం కింద వేలు పెట్టి చదువుకుని మరీ నెరిస్ ఈ సంగతి తెలుసుకుంది. జట్టులో రెండో హుకర్‌కు పోయిన నెలే చెయ్యి విరిగింది. గెథిన్ నిద్రపోతే పాయింట్లు పోతాయి, ప్రమోషన్ పోతుంది, బేకరీ ఉంటుంది. ఎవరికీ దెబ్బ తగలదు. ఇంత శుభ్రమైన ఆలోచన తనకెలా వచ్చిందా అని ఆమె తనమీద తనే ముచ్చటపడింది.

ఎనిమిదింటికి ఫోను మోగింది. కెప్టెన్ ఓసియన్. వృత్తికి ప్లంబర్, వారం రోజులుగా ఊళ్ళో ఒక్క పైపు కూడా బాగుచెయ్యలేదు.

"ఏమ్మా నెరిస్, మావాడు ఇల్లు చేరాడా? బానే ఉన్నాడా?"

ఉన్నాడు, పడుకున్నాడు అంటే సరిపోయేది. కాని నెరిస్ నోటికి వేరే మాట వచ్చింది.

"లేదు ఓసియన్. వాంతులు."

"వాంతులా!"

"వాంతులే. ఆగట్లేదు. నువ్వు మాత్రం చూడ్డానికి రావద్దు, అంటుకుంటుందేమో."

ఓసియన్ చాలా మెల్లగా అడిగాడు. "గురువారం ప్రాక్టీసయ్యాక వాడు ఏం తిన్నాడూ?"

గురువారం అందరూ తిన్నదే గెథిన్ కూడా తిన్నాడు. బెతి ఆంటీ చేసిన ఫాగట్లు, గ్రేవీలో ములిగిన కార్జం కీమా ఉండలు, పక్కన బఠాణీలు. డెబ్భై ఏళ్ళ బెతి ఆంటీ ముప్ఫై ఏళ్ళుగా గురువారాలు క్లబ్ వంటింట్లో అవే చేస్తోంది. నెరిస్ నోరు తెరిచేలోగా ఓసియన్ ఫోను పెట్టేశాడు.

తరవాత అతడు జట్టులో ఒక్కొక్కరికీ ఫోను చేసి, "కడుపులో ఏమన్నా తేడాగా ఉందా?" అని అడిగాడు. అంత పెద్ద మ్యాచ్ రోజు పొద్దున ఆ ప్రశ్న అడిగితే ఎవడి కడుపులో తేడాగా ఉండదు? పదింటికల్లా అయిదుగురు దుప్పటి ముసుగేశారు. పదిన్నరకు సంగతి బెతి ఆంటీ చెవిన పడింది. ఆవిడ కేకలు వేయలేదు. ఏప్రన్ విప్పి మడతపెట్టి, క్లబ్ వంటింటికి తాళం వేసి, తాళంచెవి ఓసియన్ అరచేతిలో పెట్టి, ఇంటికి పోయి తలుపేసుకుంది.

పదకొండింటికి ఓసియన్ నెరిస్ గుమ్మం ముందు, రెండు బారల దూరంలో నిలబడి ఉన్నాడు.

"బెతి ఆంటీ రానంటోంది. మ్యాచయ్యాక వచ్చినవాళ్ళకి వేడిగా పెట్టకుండా పంపితే మన మొహం ఎవడు చూస్తాడమ్మా? నలభై మందికి కౌల్ పులుసు వండాలి. నువ్వే వండాలి."

"నేనా? నేనే ఎందుకు?"

"గురువారం ఆ ఫాగట్లు తినందానివి నువ్వొక్కదానివే కనిపిస్తున్నావ్. క్లబ్బులో వండు. ఇంట్లోంచి ఏం తేవద్దు. చేతులు మాత్రం..."

"కడుక్కుంటాలే."

"మోచేతులదాకా."

"మరి హుకర్ లేడు కదా, ఎలా ఆడతారు?" నెరిస్ ఆశగా అడిగింది. "ఆపేయొచ్చుగా."

"ఆపితే పాయింట్లు పోవూ? ట్రెఫాన్ వాళ్ళు రాకపోతే వాళ్ళకీ వచ్చే ఏడు మొదట్లోనే కోత. కాబట్టి వాళ్ళూ వస్తున్నారు. హుకర్ దొరికాడులే." ఓసియన్ మొహం మొదటిసారి వెలిగింది. "మీ మావగారు."

నెరిస్ చేతిలో మబ్లి కాలిజోడు జారి కింద పడింది. మామగారు ఇద్వాల్‌కు అరవై ఒక్కటి. ఒక మోకాలు ఆయనది, ఒకటి ఆసుపత్రివాళ్ళది. రక్తపోటుకు రోజూ రెండు మాత్రలు. కాని పాతికేళ్ళు హుకర్‌గా ఆడినవాడు, పేరు ఇంకా లీగ్ పుస్తకంలో ఉంది. ఆమె పరుగున పక్క వీధికి వెళ్ళేసరికి ఆయన అద్దం ముందు, పొట్ట మీదికి దిగనని మొరాయిస్తున్న గెథిన్ పాత జెర్సీతో కుస్తీ పడుతున్నాడు.

"మావయ్యా, మీకిది వద్దు. మీ మోకాలు..."

"అమ్మాయ్, కొంచెం వెనకనుంచి లాగు. ఆఁ. ఇంకొంచెం."

లాగింది. ఏం చేస్తుంది?

ఇక అబద్ధం మోయలేక నెరిస్ సరాసరి మైదానానికి వెళ్ళి ఓసియన్ చెయ్యి పట్టుకుంది. "నీకో నిజం చెప్పాలి. గెథిన్‌కి ఏ జబ్బూ లేదు. శుభ్రంగా నిద్రపోతున్నాడు. నేనే అబద్ధం చెప్పాను."

ఓసియన్ కళ్ళు చెమర్చాయి. "వాడే పంపాడు కదూ నిన్ను? వాంతులవుతున్నా ఆడతానంటున్నాడు కదూ? ఆ గుండె చూడు! వద్దను. పడుకోమను. వాడి కోసమే గెలుస్తాం." అని జట్టును పిలిచి ఆ ముక్క అందరికీ చెప్పాడు. దుప్పటి ముసుగేసిన అయిదుగురికీ ఫోను చేసి వినిపించాడు. గెథిన్ వాంతుల్లో కూడా ఆడతానంటున్నాడని తెలిసి వాళ్ళకు సిగ్గు వేసింది. పొట్టలు పట్టుకుని అయిదుగురూ వచ్చేశారు. వాళ్ళ మొహాలు తెల్లగా పాలిపోయి, నిజంగానే జబ్బు చేసినట్టున్నాయి.

నెరిస్ క్లబ్ వంటింట్లోకి వెళ్ళి ఉల్లికాడలు తరగడం మొదలుపెట్టింది. ఏడవడానికి అది మంచి చోటు.

మబ్లిని నడుమున ఎత్తుకుని, ఒక చేత్తో గొర్రెమాంసం కుండ కలుపుతూ ఆమె వంటింటి కిటికీలోంచి మ్యాచ్ చూసింది. మైర్వెన్ గారు రొట్టెల గంపతో వచ్చి, పక్కనే స్టూలు వేసుకున్నారు. "ఉప్పు చూశావా?" "చూశానండీ." "మళ్ళీ చూడు."

ట్రెఫాన్ జట్టు బస్సు దిగింది. వాళ్ళ కెప్టెన్‌కు ఓసియన్ నిజాయితీగా సంగతంతా ముందే చెప్పాడు: ఆరుగురికి కడుపులో బాగోలేదు, వాళ్ళలో ఒకడికి వాంతులు, అంటుకుంటుందని ఇంట్లోవాళ్ళే అంటున్నారు. ఆ మాట బస్సులో వెనక సీటు దాకా వెళ్ళేసరికి ఏమైందో తెలియదు గాని, కరచాలనానికి ఒక్కడూ చెయ్యి చాపలేదు. మొదటి స్క్రమ్‌కు రిఫరీ పిలిచాడు. ఇద్వాల్ తల వంచాడు. ఎదుటి ముందు వరుస వంగలేదు.

"వాడి చెంపకి నా చెంప ఆనించాలా? ఇంట్లో నెల బిడ్డుందండీ నాకు!" అన్నాడు ట్రెఫాన్ హుకర్.

"నెట్టుకోవడం మాకొద్దు" అన్నాడు వాళ్ళ కెప్టెన్.

"ఎవరు వద్దంటే వాళ్ళకే కోత" అన్నాడు రిఫరీ, పుస్తకంలో రాసుకుంటూ.

"కోసుకోండి."

కిటికీ దగ్గర నెరిస్ చేతిలో గరిటె ఆగిపోయింది. తను వేలు పెట్టి చదువుకున్న నియమం కళ్ళముందే అటు తిరిగి నిలబడింది.

అక్కడినుంచి జరిగినదాన్ని ఆట అనడానికి మనసొప్పదు. కుమ్‌హెలిగ్ వాడెవడైనా బంతి పట్టుకుంటే ట్రెఫాన్ వాళ్ళు మర్యాదగా దారి ఇచ్చారు. పట్టుకోవలసి వస్తే జెర్సీ చివర రెండు వేళ్ళతో పట్టుకుని వెంటనే వదిలేశారు. మొదటి ట్రై పదో నిమిషంలో, రెండోది విరామానికి ముందు, మూడోది తరవాత. పాలిపోయిన అయిదుగురూ తమ వేగానికి తామే ఆశ్చర్యపోయారు.

"నాలుగోది రాకూడదు, నాలుగోది రాకూడదు" అని నెరిస్ గొణుక్కుంది.

"వస్తుందిలేవే, బెంగపడకు" అని మైర్వెన్ గారు వీపు నిమిరారు.

ఆఖరి నిమిషంలో బంతి ఎటు పోవాలో తెలియక ఇద్వాల్ చేతుల్లోకి వచ్చింది. గీత ముప్ఫై గజాల దూరంలో ఉంది. పరిగెత్తే మోకాలు ఒక్కటే ఉంది కనుక ఆయన నడిచాడు. ముగ్గురు ఎదురొచ్చారు. ఇద్వాల్ ఆయాసంతో దగ్గాడు. ముగ్గురూ పక్కకు తప్పుకున్నారు. ఆయన మధ్యలో ఒకసారి ఆగి, నడుము మీద చెయ్యి వేసుకుని ఊపిరి పీల్చుకుని, మళ్ళీ నడిచి, గీత దాటి, బంతిని నేలమీద పెట్టి దాని పక్కనే పడుకున్నాడు.

ఊరంతా అరుస్తూ లేచింది. ఆ అరుపుకు గెథిన్ కూడా లేచాడు.

నిక్కరుతో, ఒక కాలికి బూటుతో అతడు మైదానంలోకి పరిగెత్తుకొచ్చేసరికి ట్రెఫాన్ జట్టు గుంపుగా అవతలి కంచె ఎక్కింది. "నన్నెందుకు లేపలేదే?" అన్న అతడి కేక లోయంతా వినిపించింది.

ఇద్వాల్ పడుకున్నచోటునుంచే చెయ్యెత్తాడు. "నేనే లేపొద్దన్నాన్రా. చచ్చేలోగా ఇంకొక్కసారి ఆడాలనిపించింది." కోడలి వైపు చూసి కన్ను గీటాడు. వాంతుల మంచం మీంచి లేచొచ్చాడని ఓసియన్ మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

ట్రెఫాన్ వాళ్ళు కౌల్ ముట్టకుండానే బస్సెక్కి పోయారు. నలభై మంది కౌల్‌ను ఊరివాళ్ళు అడుగు గీకి మరీ తిన్నారు. గోల కాస్త తగ్గాక, మూలన మోకాలికి మంచుగడ్డ కట్టుకుని కూర్చున్న మామగారి పక్కన చేరి నెరిస్ బేకరీ సంగతితో సహా గుట్టంతా విప్పింది.

ఇద్వాల్ చెంచా కింద పెట్టాడు. "పిల్లని చూడ్డానికా ఇదంతా? నేను లేనూ? శనివారాలు ఖాళీగానే ఏడుస్తుంటిని కదమ్మా. ఒక్క మాట అడగొచ్చుగా!"

నెరిస్‌కు ఒక్కసారి కళ్ళముందు బేకరీ కౌంటర్ తళుక్కుమంది. "అయితే వచ్చే సీజన్ చూస్తారా మావయ్యా?"

"అప్పుడడిగితే చూసేవాణ్ణి." ఆయన ఇబ్బందిగా గడ్డం గోక్కున్నాడు. "పై డివిజన్లో బస్సులో అదనపు హుకర్ ఉండి తీరాలట. ఇందాకే నా పేరు రాసుకున్నారు."

అప్పుడే ఓసియన్ బల్ల ఎక్కాడు. బెతి ఆంటీ తాళంచెవి ఇచ్చేసింది కనుక, వచ్చే సీజన్‌లో ఊళ్ళో మ్యాచున్న శనివారాలు క్లబ్ వంట నెరిస్‌ది అన్నాడు. పొద్దున ఎనిమిదికి పొయ్యి వెలిగిస్తే చాలట. బలపరిచేవాళ్ళెవరని అడిగితే మొదట లేచిన చెయ్యి మైర్వెన్ గారిది. "కౌంటర్లో నిలబడ్డానికి ఎవత్తైనా దొరుకుతుందే. ఇలాంటి కౌల్ దొరుకుతుందా?" అన్నారావిడ, మూడో గిన్నె తుడుచుకుంటూ.

అంతా చప్పట్లు కొట్టారు. గెథిన్ అందరికంటే గట్టిగా కొట్టాడు.

ఆ తరవాత నెరిస్ మూడుసార్లు బెతి ఆంటీ గుమ్మం దాకా వెళ్ళి, మూడుసార్లూ మబ్లి ఏడుస్తోందని తనకు తానే చెప్పుకుని వెనక్కి వచ్చింది. మబ్లి ఏడవలేదు. గురువారాలు క్లబ్‌లో ఇప్పుడు బ్రెడ్డు ముక్కలు తింటున్నారు. బెతి ఆంటీ కర్టెన్లు తెరవడం లేదు, పాలసీసాలు మాత్రం లోపలికి వెళుతున్నాయి. మీలో ఎవరైనా కుమ్‌హెలిగ్ వైపు వెళ్ళేపనుంటే, చాపెల్ పక్క సందులో ఆకుపచ్చ తలుపు, ఒకసారి తట్టి ఆవిడ ఎలా ఉందో చూడండి. ఫాగట్లలో ఏ దోషమూ లేదని, ఎవరి కడుపూ పాడవలేదని చెప్పండి.

ఎవరు పంపారని అడిగితే, నెరిస్ పేరెత్తకండి, లీగ్ వాళ్ళు అనండి.